పావలా తక్కువ

చిట్యాల దాటినంక పట్టాల పక్కపొంటి
ఇరవై రెండు తాళ్లు నావి.
నావంటే, గీత నాది.
చెట్లు ఎవ్వలయో చెట్లకే ఎరుక.

చుక్క పొడవంగ మోకేసి ఎక్కుత,
గుంటూరు రైలు కూసే యాల్లకు దిగుత,
నడుముకు లొట్లు, మోచేతులకు గీరుకులు.
మండువల బక్కవ్వ అప్పటికే కూసోని ఉంటది
తాటిరేక మడిచి ఒళ్లె పెట్టుకొని.

ముప్పై ఏండ్లు నకిరేకల్ అంగట్ల
చింతపండుకు ధర కట్టిన మనిషి.
ఇంత ముద్ద నాలిక మీద పెట్టుకొని
ఏ ఊరి చెట్టో, ఏ నెలల దులిపిన్రో చెప్పేది.
ఇప్పుడు నా కల్లుకు కడ్తది ధర,
రూపాయలల్ల కాదు,
ఎన్నడో పోయిన అణాలల్ల.

కుంట కట్ట మీది జంటతాడు:
"పదమూడు. తీపి నోట్లనే ఉంటది, గొంతు దిగదు."
బొందలగడ్డ కాడి పోతుతాడు:
"పదకొండు. నురుగెక్కువ.
నా మొగడు గిట్లనే ఉండె."
సిగ్నలు పక్క పొట్టిది:
"తొమ్మిది. దుమ్ము తాగి బతుకుతుంది, ఏమనకు దాన్ని."
తుమ్మల నడుమ ఈతచెట్టుకు మాత్రం
ఏం చెప్పదు, రేక మళ్ల చాపుతది.
అది పద్నాలుగని మేమే రాసుకోవాలె.

పదారు ఎవ్వనికీ ఇయ్యలే.
మా నాయిన గీసిన నాడు గుడ ఇయ్యలేదట.

తాగే ముందు మూడు చుక్కలు నేల మీద ఒంపుతది.
కాటమయ్యకే గదా అని
మేం చెప్పులిడిచి నిలబడ్తం.

పోయిన కార్తీకంల జరమొచ్చి లేచింది.
లేచిన నాడు పచ్చిమిరపకాయ నమిలి
"ఏం దోసకాయరా ఇది, నీళ్లు లేవు" అన్నది.
కోడలు నా మొకం చూసింది.
నేను లొట్టి మొకం చూసిన.
ఆ ముచ్చట మండువల ఎవ్వలూ తియ్యలే.
ఆమె రేక పడుతనే ఉన్నది,
ధర చెప్తనే ఉన్నది,
చెప్పింది చెప్పినట్టు సరిపోతనే ఉన్నది.
నేను తాగి చూసుకునేది. తొమ్మిదంటే తొమ్మిదే.

మాఘంల మేనల్లుని లగ్గం.
మూడు డ్రమ్ములు పోస్తనని నోరు జారిన.
ఆ వారమే చలికి గెలలు ముడుసుకున్నయ్.
బిందెడు నీళ్లకు చెంచడు చాలన్నడు దుకాణపాయన,
తెల్లటి పొట్లం, సాక్రిన్.
రాత్రి కలిపిన. కుక్క గుడ మొరగలే.

తెల్లారి బక్కవ్వకు పోసిన.
నాలిక లేని మనిషి, ఏమెరుక అనుకున్న.
మూడు చుక్కలు ఒంపింది.
రేక నోటికి ఎత్తలే.
నేల దిక్కు చూసుకుంట కూసున్నది,
రైలొచ్చింది, పోయింది,
ఆఖరి డబ్బ చప్పుడు గుడ పోయింది.

"అణా గుడ లేదు."
"తాగకుంటనే చెప్తివా?"
కాలు పక్కకు జరిపింది.
తడిసిన మన్ను,
దాని దాకా వచ్చిన చీమల బారు
ఒక్కటంటే ఒక్కటి మూతి పెట్టక
చుట్టు తిరిగి అవతలికి పోతున్నయ్.

ఇన్నేండ్లు మేం మొక్కింది ఎవ్వలకో!

డ్రమ్ములు కాల్వల గుమ్మరించిన.
లగ్గానికి ఒకటిన్నరే అయింది.
వియ్యంపోళ్లు ఇప్పటికీ ఎదురైతే
బండి ఆపరు.

మూడొద్దులు మండువ దిక్కు పోలే.
నాలుగో నాడు సిగ్నలు పక్క పొట్టిదాని కల్లు,
పుల్లగ, లొట్టిల సగం గుడ లేదు,
జాలిల రెండు తేనెటీగలు సచ్చి.
అట్లనే తీస్కపోయిన.
ఒంపింది. చీమలు గుంపు కట్టినయ్.
రేకెత్తి గుటగుట తాగి
కొంగుతోని మూతి తుడుసుకున్నది.

"పన్నెండణాలు."

తొమ్మిదణాల చెట్టుకు పన్నెండా?
నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.
"మిగిలిన పావలా ఏడవోయిందే అవ్వా?"

"చీమలు తాగినయ్ గదరా," అన్నది,
రేక చాపింది మళ్ల.